తేరో ఎవరో నాన్నకి తెలీదు

బహియా బ్లాంకా,
4 మార్చి 1956.

అక్కా,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో పడెయ్. నువ్వు పోస్టాఫీసులో పనిచేస్తున్నావు కాబట్టి సరిపోయింది గానీ, ఇంకెవరి చేతిలోనన్నా పడితే మన ఎల్ టోర్డోలో నా పని అయిపోయినట్టే.

రెండేళ్ల కిందట ఇక్కడి ఫోర్డు షెడ్డులో మెకానిక్కుగా చేరానని నాన్నకి చెప్పాను కదా. చేరిన మాట నిజం. మూడో నెలలో మానేసిన మాట చెప్పలేదు. అప్పట్నుంచీ డాన్ ఇండాలెసియో అనే పెద్దాయన దగ్గర ఉంటున్నాను. ఆయన రోడ్డు పందేల్లో కారు తోలతాడు. నేను పక్క సీట్లో కూచుని టైర్ల మీదా ఇంజన్ వేడి మీదా ఓ కన్నేసి ఉంచి, రాబోయే మలుపుల్ని ముందే అరిచి చెబుతుంటాను. ఆయన కారు షెవ్రొలే.

రాసేశాను. ఫోర్డు తప్ప ఇంకో కారు పేరు మన ఇంట్లో ఎత్తకూడదని తెలిసీ రాసేశాను.

పోయిన ఆదివారం మేనకోడలి పెళ్లిలో, మచ్చికలేని గుర్రాన్ని ఎక్కి చూపిస్తానని పందెం కట్టి, డాన్ ఇండాలెసియో నడుం విరగ్గొట్టుకున్నాడు. మంచం మీద బోర్లా పడుకునే నన్ను పిలిచి, "టండీల్ పందెం నువ్వు తోలు" అన్నాడు. నేను వద్దనలేదు. పన్నెండేళ్ల వయసునుంచీ నేను కోరుకున్నది అదొక్కటే. స్టీరింగు చేతికొచ్చినప్పుడు అది ఏ కంపెనీదని ఎవడడుగుతాడు?

పేరు గురించి భయం లేదు. ఇక్కడ సగం మందివి మారుపేర్లే. బ్యాంకుకి జ్వరమని చెప్పి వచ్చే గుమాస్తా ఒకడు "మెరుపు". గుండెజబ్బు తల్లికి తెలియకుండా తోలే నోటరీ ఒకాయన "సన్యాసి". రేడియోవాళ్లు కూడా మర్యాదగా ఆ పేర్లతోనే పిలుస్తారు. నేను "తేరో" అని రాయించాను. గూడు ఒకచోట పెట్టుకుని, మనిషిని ఏమార్చడానికి ఇంకోచోట గొంతు చించుకునే పిట్ట కదా. నాకు సరిగ్గా సరిపోయింది.

నాన్నకి చెప్పకు. బదులుగా ఏం కావాలో అడుగు.

నీ తమ్ముడు,
నిల్డో


ఎల్ టోర్డో,
19 మార్చి 1956.

ఒరేయ్ ద్రోహీ,

ఉత్తరం కాల్చలేదు. బిస్కెట్ల డబ్బా అడుగున దాచాను. ఎప్పుడైనా నా మాట కాదన్నావంటే పనికొస్తుంది.

షెవ్రొలేనా? అదీ మన ఇంట్లోనా? నీకు మతి ఉందా అని అడగను, ఉంటే ఈ పని చెయ్యవు. హాల్లో చిన్నాన్న అన్సెల్మో ఫోటో గోడవైపు తిరిగి పదకొండేళ్లయింది. ఆయన ఖూనీ చేశాడా? షెవ్రొలే కొన్నాడు, అంతే. శనివారం శనివారం నేను ఆయన వీపు దులుపుతున్నాను. ఆయన ముక్కు ఎలా ఉంటుందో మర్చిపోయాను, అట్టకి కొట్టిన మేకులు ఎన్నో మాత్రం నిద్రలో అడిగినా చెబుతాను. ఆ రోజు నాన్న బార్ నిండా జనం ఉండగా ఏమన్నాడో నీకూ గుర్తుంది: "నా ఇంటివాళ్లు ఎవరు ఆ కారెక్కినా మొహం గోడకే." అన్న మాట తప్పడం ఆయనకి చేతకాదు. మొన్న మన కుక్కకి కడుపు పాడైతే, ఎదురింట్లో పశువుల డాక్టరు ఫెర్మీన్‌ని పెట్టుకుని, నలభై కిలోమీటర్లు మోసుకెళ్లాడు. ఫెర్మీన్ గుమ్మం ముందు షెవ్రొలే నిలబడి ఉంటుంది మరి. అవతలి డాక్టరు ఫోర్డు మనిషి. కుక్కని అడిగితే అది ఏమనేదో.

టండీల్ పందెం ఆదివారం రేడియోలో విన్నాం. "పద్నాలుగో స్థానంలో తేరో, షెవ్రొలే" అన్నాడు. నాన్న ఆదివారపు రావియోలి నములుతూ, "పిట్టలన్నీ ఆ కారుకే దొరుకుతాయేం" అన్నాడు. నాకు పొలమారింది. వీపు తట్టింది కూడా ఆయనే, పాపం.

నా నోటికి తాళం ధర, నైలాన్ మేజోళ్లు రెండు జతలు. నలుపు కాదు, గోధుమరంగు.

ఇర్మా


బహియా బ్లాంకా,
22 ఏప్రిల్ 1956.

అక్కా,

మేజోళ్లు పార్సిల్లో ఉన్నాయి. ఎల్ టోర్డోలో పోస్టాఫీసు బల్ల వెనక కూచునేదానికి నైలాన్ మేజోళ్లెందుకో నాకర్థం కాలేదు. బల్ల అడుక్కి తొంగిచూసే మనిషి ఎవడక్కడ?

డాన్ ఇండాలెసియో ఇంకా మంచంలోనే. కాబట్టి వచ్చే నెల ఓలవర్రియా పందెం కూడా నాదే. పద్నాలుగో స్థానమంటే ఏడిపించకు, నలభై రెండు కార్లు బయల్దేరాయి. పక్క సీట్లో రూఫో అనే కుర్రాడు కూచుంటున్నాడు. మంచివాడే గానీ మలుపులు అయిపోయాక అరుస్తాడు.

నాన్న తేరో గురించి ఇంకేమన్నా అన్నాడా? ఊరికే అడిగాను. నాకేం పట్టింపు లేదు.

నిల్డో


ఎల్ టోర్డో,
20 మే 1956.

పట్టింపు లేని తమ్ముడికి,

గట్టిగా పట్టుకుని కూచో. ఓలవర్రియా పందేనికి నాన్న స్వయంగా వచ్చాడు. బార్‌లో ఫోర్డు బల్ల వాళ్లంతా లారీ కట్టించుకుని వెళ్లారు, సాసేజీలూ జాడీతో వైనూ వేసుకుని. నువ్వు నాన్న ముందునుంచే రెండుసార్లు వెళ్లావట. నల్ల కళ్లద్దాలు, మూతికి గుడ్డ, జానెడు దుమ్ము. కన్నతండ్రి కాదు కదా, కన్నతల్లి బతికున్నా పోల్చుకునేది కాదు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. రొట్టె కోసే కత్తి రోడ్డు. ఉప్పు డబ్బా నువ్వు. "ఈ తేరోగాడున్నాడే, మలుపు కనబడగానే బ్రేకు తొక్కుతాడు. గుళ్లోకి వెళ్తూ టోపీ తీసినట్టు, ఎంత వినయమో. బ్రేకు ఇక్కడ కాదు, ఇక్కడ" అని ఉప్పు డబ్బాని కత్తి పిడిదాకా లాక్కెళ్లి గిర్రున తిప్పాడు. ఉప్పంతా సూపులో పడింది. "వెనక భాగం జారనియ్యాలి. జారుతుందని భయపడితే బండి తోలకూడదు, ఆవుల్ని తోలుకోవాలి."

నేను అమాయకంగా, "అయితే వాడికి తోలడం రాదా నాన్నా?" అన్నాను.

"చేతులున్నాయి వాడికి. బుర్రే లేదు. ఉంటే ఆ కారెక్కుతాడా?"

నీకు నచ్చిన ముక్క దాచుకో, నచ్చనిది నాకు తిరిగి పంపు.

ఇర్మా


బహియా బ్లాంకా,
15 జులై 1956.

అక్కా,

మొదట కోపమొచ్చింది. గుళ్లో టోపీ అట. మూడో రోజు ఊరి బయట రోడ్డు మీద రూఫోని దింపేసి, నాన్న చెప్పిన చోట బ్రేకు పట్టాను. మొదటిసారి జొన్నచేలోకి పోయాను. రెండోసారీ జొన్నచేలోకే పోయాను. రైతు వచ్చి, "ఇంకోసారి వస్తే కోత కూడా కోసిపెట్టు" అన్నాడు. ఏడోసారి కారు నాన్న ఉప్పు డబ్బాలాగే తిరిగింది.

నిన్న నెకోచేయా పందెంలో ఐదో స్థానం. కారు దిగి గుడ్డ విప్పాక, అక్కడే కూచుని ఏడ్చాను. దుమ్ము పడిందని రూఫోతో చెప్పాను. చిన్నప్పుడు నాన్న నాకు నట్టు ఎలా బిగించాలో నేర్పాడు గానీ తోలడం నేర్పలేదు, "నీకు మెకానిక్కు పనే మేలు" అనేవాడు. ఇప్పుడు తను నేర్పుతున్నట్టు తనకే తెలీకుండా నాకు నేర్పుతున్నాడు.

వానపడ్డ మట్టిరోడ్డు మీద ఏం చెయ్యాలో అడిగి రాయి. అనుమానం రాకుండా అడుగు. ఈసారి ఏం కావాలి?

నిల్డో


ఎల్ టోర్డో,
26 ఆగస్టు 1956.

నిల్డో,

అడిగాను. "వానలో ఆ తేరో పల్టీ కొడతాడు, చూడు నాన్నా" అన్నాను. అంతే, టేబుల్ మీది ఆయిల్‌క్లాత్ నిండా నా లిప్‌స్టిక్‌తో రోడ్డు గీసేశాడు. బొమ్మ యథాతథంగా కాగితం మీదకి ఎక్కించి లోపల పెట్టాను. గీతలన్నీ చక్రాల జాడలు, బాణం గుర్తు ఉన్నచోట గేరు తగ్గించాలి. బ్రేకు ముట్టుకోకూడదట. ఈసారి నాకు లిప్‌స్టిక్ కావాలి, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. ఇది నీకు చేదుగా ఉంటుంది, కళ్లు మూసుకుని మింగెయ్. రేడియోలో నీ ఐదో స్థానం విన్నాక నాన్న లేచి రేడియో కట్టేశాడు. తర్వాత, "కారు చెడ్డదే గానీ, చేతులు మంచివి. మన నిల్డోగాడు ఈ జన్మకి అలా తోలలేడు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీక గిన్నెలు కడగడానికి లేచాను.

కుక్కకి బాగైంది. నలభై కిలోమీటర్ల మందు కాదు, వీధికి అవతల పన్నెండు అడుగుల్లో ఉన్న మందు పనిచేసింది. ఎలా అని అడక్కు.

ఇర్మా


బహియా బ్లాంకా,
28 అక్టోబర్ 1956.

అక్కా,

గెలిచాను. నీకు రేడియోలో తెలిసే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలని. వానలో గెలిచాను, నీ లిప్‌స్టిక్ బాణాలు తలుచుకుంటూ. అందరూ బ్రేకులు పట్టి గట్ల మీదికి పోతుంటే నేను ముట్టుకోలేదు.

అసలు సంగతి ఇది. ఇంజన్ ఆయిల్ అమ్మే కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. రెండేళ్లు జీతమిచ్చి తోలిస్తారట. ఇక ఇంకొకరి పక్క సీట్లో కూచోనక్కర్లేదు, తోలడమే నా ఉద్యోగం. డాన్ ఇండాలెసియో మంచం మీదనుంచే దీవించాడు. ఒకటే షరతు. మారుపేరు కుదరదు. సొంత పేరు, సొంత ఫోటో, ప్రతి పేపర్లోనూ. డిసెంబర్ పెద్ద పందెం అయిన వారంలోగా సంతకం పెట్టాలి, లేదంటే ఇంకొకణ్ని చూసుకుంటారు.

ఆ పందెం ఏ ఊరి మీదుగా వెళ్తుందో తెలుసుగా. మన ధాన్యం గోదాము మూల మీదుగానే.

సంతకం పెట్టాలని ఉందక్కా. చాలా ఉంది. కానీ ఆ గోడ మీద చిన్నాన్న పక్కన వీపు చూపిస్తూ వేలాడాలని లేదు. ఆదివారం ఆ బల్ల దగ్గర నా కుర్చీ ఖాళీగా ఉండాలనీ లేదు. నాన్న ఒప్పుకోకపోతే సంతకం పెట్టను. ఇది రాస్తుంటే నా మీద నాకే చిరాకుగా ఉంది, కానీ నిజం అదే.

నిల్డో


ఎల్ టోర్డో,
11 నవంబర్ 1956.

ప్రియమైన తమ్ముడూ,

చెప్పెయ్. నా మాట విను, పందేనికి ముందే వచ్చి నాన్నకి ఎదురుగా నిలబడి చెప్పెయ్. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. ఆయన అరుస్తాడు, ఒక కుర్చీ విరుగుతుంది, వారంలో సర్దుకుంటుంది. నేను నీ వెనకే ఉంటాను. డిసెంబర్ దాటనివ్వకు. నువ్వు గట్టిగా నిలబడితే, తర్వాతివాళ్లకి దారి ఏర్పడుతుంది.

మూల దగ్గర అప్పుడే కుర్చీలు వేసే చోట్లు పంచుకుంటున్నారు. ఫోర్డువాళ్లు గోదాము నీడలో, షెవ్రొలేవాళ్లు ఎండలో. తొమ్మిదేళ్లుగా అదే ఏర్పాటు. నాన్న మాత్రం ఆ రోజుకి జాకీ, చక్రాలు, డబ్బాల్లో నీళ్లు సిద్ధం చేస్తున్నాడు, ఏ ఫోర్డు కుర్రాడికైనా దారిలో సాయం కావాల్సొస్తే అని.

ధైర్యంగా ఉండు, బంగారం.

నీ అక్క,
ఇర్మా


బహియా బ్లాంకా,
20 నవంబర్ 1956.

అక్కా,

నువ్వు నన్ను బంగారం అన్నది నా టాన్సిల్స్ ఆపరేషన్ రోజున. తర్వాత ఇదే. నీ ఉత్తరంలో ఎక్కడో ఏదో తేడాగా ఉంది. "తర్వాతివాళ్లు" ఎవరు?

పందెం అయ్యాక చెబుతాను. ముందు చెబితే చేతులు వణుకుతాయి. మూల దగ్గర తల దించుకుని వెళ్లిపోతాను, ఎవరూ చూడరు.

నిల్డో


మార్ దెల్ ప్లాతా,
17 డిసెంబర్ 1956.

అక్కా,

నువ్వు అక్కడే ఉన్నావు, అంతా చూశావు. అయినా నా వైపునుంచి రాయకపోతే నిద్రపట్టేలా లేదు.

మూలకి నేను మూడో స్థానంలో వచ్చాను. దుమ్ములోంచి గోదాము కనబడింది. అందరికన్నా ముందు, చేతులు కట్టుకుని నాన్న. అప్పటిదాకా ఏడు వందల కిలోమీటర్లు బుద్ధిగా తోలినవాణ్ని, ఆయన్ని చూడగానే తొమ్మిదేళ్ల పిల్లాణ్నైపోయాను. చిన్నప్పుడు నాన్న చెయ్యెత్తినప్పటిలాగే తల ఎడమ భుజంలోకి దాచేసుకున్నాను. నాతోపాటు స్టీరింగూ వంగింది. కుడి చక్రం కల్వర్టు రాయికి కొట్టుకుని పళ్లెంలా వంకరపోయింది. నా తప్పే, పూర్తిగా నా తప్పే. స్పేరు చక్రం అసూల్ ఊరి దగ్గరే వాడేశాను.

దిగాను. కళ్లద్దాలు తియ్యలేదు. ఫోర్డు బల్లంతా ఈలలు వేసింది. "పిట్టకి రెక్క విరిగింది" అన్నారెవరో. నాన్న సిద్ధంగా పెట్టుకున్న చక్రాలన్నీ ఫోర్డువి. రూఫో ఏడుపు మొహం పెట్టాడు. ఇక అయిపోయిందనుకున్నాను, పందెమూ సంతకమూ అన్నీ.

అప్పుడు నాన్న జాకీ తీసుకుని రోడ్డు దాటి, ఎండలోకి, షెవ్రొలేవాళ్ల వైపు నడిచాడు. ఈలలు ఆగిపోయాయి. నా కారు లాంటిదే ఫెర్మీన్ కూపే అక్కడ నిలబడి ఉంది. ఎవర్నీ అడక్కుండా దాని కింద జాకీ పెట్టాడు. ఫెర్మీన్ టోపీ చేత్తో పట్టుకుని, "పానా సీటు మీద ఉంది డాన్ సెవెరీనో" అన్నాడు. "నిన్నెవడడిగాడు" అన్నాడు నాన్న. కానీ తలుపు తీసి పానా తీసుకున్నాడు. ఒక క్షణం సీటు వైపే చూస్తూ ఆగిపోయాడు, ఎందుకో.

దాని చక్రం ఊడదీసి నా కారుకి ఎక్కించి, నట్లన్నీ ఆయనే బిగించాడు, ఒకటి విడిచి ఒకటి, నాకు నేర్పినట్టే. తర్వాత నా కిటికీలోకి వంగాడు. "తల దించుకుంటే చెంపదెబ్బ తప్పుతుందని నీకెప్పుడూ నేర్పలేదు కదరా" అన్నాడు. "పో."

పదకొండో స్థానం. కంపెనీవాడు శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. ఫోటో సంగతి చెప్పు. ఎంత చేదైనా చెప్పు.

నిల్డో


ఎల్ టోర్డో,
18 డిసెంబర్ 1956.

నిల్డో,

ముందు నా పాపం. సీటు మీద ఉన్నవి నా గ్లవ్స్. పోయిన పుట్టినరోజుకి నాన్న కొనిచ్చినవే, అంచున నీలం కుట్టు ఉన్నవి. ఎదురింటి ఫెర్మీన్ పెళ్లి చేసుకుంటావా అని మార్చిలోనే నన్ను అడిగాడు. డిసెంబర్ దాకా ఆగమన్నాను. నువ్వు ముందు చెబితే, నాన్న అరిచే అరుపంతా నీ మీద అయిపోతే, నా వంతుకి గొంతు బొంగురుపోయి ఉంటుందని లెక్కేశాను. తిట్టు, పడతాను. మేజోళ్లు తిరిగిమ్మని మాత్రం అడక్కు.

మీరు వెళ్లాక నాన్న జాకీ సర్దేశాడు. ఇంటికి నడిచొచ్చాడు. నా గ్లవ్స్ నా పళ్లెం పక్కన పెట్టాడు, ఒకదాని మీద ఒకటి, నీటుగా. తర్వాత గోడ మీంచి నీ ఫోటో తీసుకుని షెడ్డులోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. కిటికీ బయటనుంచి వింటే కత్తెర చప్పుడు. నీ ఫోటో ముక్కలు చేస్తున్నాడనుకున్నాను.

సాయంత్రం ఫోటో మళ్లీ గోడెక్కింది. నేను చూశాను. కానీ చెప్పను. ఆయనే రాస్తానన్నాడు. జీవితంలో ఎవరికీ ఉత్తరం రాయని మనిషి నా దగ్గర స్టాంపు కొనుక్కుని, నేను చదవకుండా చెయ్యి అడ్డంపెట్టుకుని రాస్తున్నాడు.

ఇర్మా


ఎల్ టోర్డో,
18 డిసెంబర్.

నిల్డో,

మాట మాటే. బార్ నిండా జనం విన్నారు. నీ ఫోటో గోడవైపు తిప్పేశాను.

ఫోటో వెనక ఏం అంటించకూడదో ఆ రోజు నేనేమీ అనలేదు. అక్టోబర్లో నువ్వు గెలిచినప్పటి పేపరు బొమ్మ నా దగ్గర ఉంది. తేరో, కారు, వాన, అన్నీ ఉన్నాయి. ఆ చేతులు చూడ్డానికి దాచుకున్నాను, ఎవడివో తెలీక. కత్తిరించి వెనక అంటించాను. కారు ముందున్న గుర్తు కత్తిరించేశాను, అది మా ఇంట్లో ఉండదు. హాల్లోకి వచ్చినవాళ్లకి నువ్వే కనబడతావు.

ఈ జన్మకి నువ్వలా తోలలేవన్నానట. ఇర్మా చెప్పింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మలుపుల్లో ఇంకా తొందరగానే తొక్కుతున్నావు బ్రేకు.

సంతకం మన ఇంటిపేరుతో పెట్టు.

అన్సెల్మో వెనక అంటించడానికి ఏమన్నా ఉందేమో వాణ్నే అడుగుదామని అడ్రసు వెతుకుతున్నాను. ఇర్మా ఫోటోకి మేకు ఇప్పటికే వదులు చేసి ఉంచాను, అది నోరు విప్పడమే ఆలస్యం. దాని వెనకకి ఆ పశువుల డాక్టరు ఫోటో ఒకటి కావాలి. టోపీ పెట్టుకుని తీయించుకోమను, తల అంత బాగోలేదు.

ఆదివారం రావియోలి. కారు వీధి చివర ఆపి, నడిచి రా.

మీ నాన్న